గుమ్మంలో చుట్టం

మందు ముక్కులో పడి ఇరవై రెండు నిమిషాలైంది. మొగులమ్మ పీట మీద నుంచి లేచి, పొయ్యి దగ్గరికి పోయి, పప్పుగిన్నె మూత తీసి, గరిటెతో ఇంత అరచేతిలో వేసుకుని నాకి చూసింది.

"ఉప్పు రెండుసార్లు ఏసిండ్రు. ఎవలేసిండ్రు?"

రెండేళ్ల తర్వాత ఆ ఇంట్లో ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి తిన్నని మాట అది. ఉప్పు రెండుసార్లు వేసింది ఆమే. పొద్దున ఒకసారి వేసి, వేసిన సంగతి మరిచిపోయి మళ్లీ వేసింది. ఆ మాట చెప్పబోయి ఆమె భర్త అనంతయ్య ఆగిపోయాడు. "నేనే ఏసిన," అన్నాడు. చెయ్యని తప్పును నెత్తిన వేసుకుని ఒక మగవాడు అంత సంబరపడడం మొగులమ్మ చెల్లెలు స్వరూప అంతకు ముందెన్నడూ చూడలేదు.

మొగులమ్మ మొగుణ్ణి వదిలి చెల్లెలి వైపు తిరిగింది. పై నుంచి కింద దాకా చూసింది. పోయినసారి స్వరూప వచ్చినప్పుడు ఇదే చూపు ఆమె మీద పడి, ఏ గుర్తూ దొరక్క గోడ మీదికి జారిపోయింది. ఈసారి ఆగింది.

"బుట్టకమ్మలేవే నీయి? ఇంటర్ పాసైన నాడు చేయించిన గద. యాడ పారేసుకున్నవ్?"

స్వరూప వాకిట్లోకి పోయి, బర్రె ముందు నిలబడి, పేరు ముందున్న డాక్టర్ అన్న మాటను పక్కన పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. బర్రె ఒకసారి తల తిప్పి చూసి, తనకేమీ సంబంధం లేదన్నట్టు మళ్లీ నెమరేసుకుంది.

స్వరూప పనిచేసేది హైదరాబాద్ శివార్లలో ఒక పరిశోధనశాలలో. అక్కడి పెద్ద డాక్టర్ కృపాదానం, తెనాలి వైపు మనిషి. రిటైరు కావడానికి నాలుగేళ్లే ఉన్నా ఇంకా తెల్లకోటు జేబులో వేరుశెనగ చిక్కీలు పెట్టుకుని తిరిగేవాడు. ఆ మందు పుట్టిన రోజున ఆయన స్వరూపను మైక్రోస్కోప్ తెర ముందు కూర్చోబెట్టి, ఒక చిక్కీ చేతిలో పెట్టి, "చూస్తా ఉండమ్మా, రెప్ప వెయ్యబాక," అన్నాడు.

తెర మీద ఎలుక మెదడులోంచి తీసిన ఒక కణం ఉంది. జ్ఞాపకాలను పట్టి ఉంచే చోటి కణం. దాని అంచు పొడవునా చిన్న చిన్న ఆకుపచ్చ మెరుపులు. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌ను గుర్తుపట్టే రిసెప్టర్లకు రంగు పూసి వెలిగించారు. మామూలుగా ఈస్ట్రోజెన్ కణం గోడలోంచి దూరి లోపలికి పోతుంది, కేంద్రకంలో కూర్చుని కొత్త ఉత్తర్వులు రాయిస్తుంది. ఆ పనికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. రొమ్ములో గడ్డలు మొలవడం లాంటి గొడవలు కూడా ఎక్కువగా ఆ లోపలి రాతల్లోంచే. కాని కొన్ని రిసెప్టర్లు లోపల ఉండవు, కణం పైపొర మీదే కాపలా కూర్చుంటాయి. వాటిని తడితే కణం నిమిషాల్లో లేచి పనిలో పడుతుంది.

కృపాదానం చేసింది పైకి చూస్తే పిల్లల ఆటే. ఈస్ట్రోజెన్‌ను ఒక పెద్ద బంతిలాంటి అణువుకు కట్టేశాడు. బంతి లావు, పొర సందు చిన్నది. లోపలికి పోలేదు, పొర మీదే ఆగి తట్టాలి.

ఒక చుక్క పడింది. పది నిమిషాలు ఏమీ లేదు. ఆ తర్వాత కణం చేతుల నిండా ముళ్లలాంటి సన్నని మొలకలు లేచాయి. ఒక్కో మొలకా పక్క కణంతో మాట కలపడానికి చాచిన వేలు.

"మా ఊళ్లో ఒక మావయ్య ఉండేవాడు," అన్నాడు కృపాదానం. "ఎంత పిలిచినా లోపలికొచ్చి కూర్చునేవాడు కాదు. గుమ్మంలో నిలబడే చెప్పాల్సింది చెప్పి పోయేవాడు. ఆయనట్టా పోయాక ఇల్లు ఇల్లంతా పనిలో పడేది. ఇదీ అదేనమ్మా. గుమ్మంలో చుట్టం."

కాగితాల్లో దానికి అంకెలూ అక్షరాలూ కలిసిన పేరుంది. ల్యాబ్‌లో మాత్రం ఆ పేరే నిలిచిపోయింది. ముక్కులో వేస్తే వాసన నరాల వెంబడి మెదడుకు చేరుతుంది. తొమ్మిది చుక్కలు వేస్తే మూడు రోజులు పనిచేస్తుంది. తట్టిన తర్వాత రిసెప్టర్లు కణం లోపలికి మునిగిపోతాయి, తొమ్మిది రోజులకు కొత్తవి తయారై మళ్లీ గుమ్మంలోకొస్తాయి. అప్పుడు మళ్లీ తొమ్మిది చుక్కలు.

మనుషుల మీద పరీక్షలకు అనుమతి వచ్చింది. ఎవరిని చేర్చుకోవచ్చో, ఎవరిని కూడదో ఒక జాబితా వచ్చింది. కూడదన్న వరుసలో నాలుగో అంశం, చిన్న వయసులోనే ఆపరేషన్ చేసి అండాశయాలు తీసేసిన స్త్రీలు. అన్నేళ్లు ఈస్ట్రోజెన్ లేకుండా గడిపిన మెదడులో ఆ రిసెప్టర్లు ఎన్ని మిగిలి ఉంటాయో, ఎలా నడుచుకుంటాయో ఎవరికీ తెలియదు కాబట్టి.

నాలుగో అంశం చదివి స్వరూప కుర్చీలోంచి లేవలేదు. ఆమె ఈ చదువు చదివిందీ, ఈ ల్యాబ్‌లో చేరిందీ, ఈ కణాల వెంట పడిందీ ఆ నాలుగో వరుసలోని ఒక మనిషి కోసమే.

తల్లి పోయాక స్వరూపను పెంచింది అక్క మొగులమ్మే. జహీరాబాద్ అవతల ఎర్రగుంటపల్లిలో, తన అత్తవారింట్లోనే పెట్టుకుని చదివించింది. మొగులమ్మకు ఇరవై నాలుగేళ్లప్పుడు నడుంనొప్పి, తెల్లబట్ట మొదలయ్యాయి. ఊరి ఆరెంపీ డాక్టరు చూసి, గర్భసంచి పుండయింది, తీసెయ్యకపోతే క్యాన్సరవుతుందన్నాడు. అదే మాట ఇంకో ఆరుగురితోనూ అన్నాడు. ఏడుగురూ ఒకే పొదుపు సంఘం వాళ్లు. విత్తనాలు పంచుకున్నా, పండుగకు పిండి పట్టించుకున్నా కలిసే చేసేవాళ్లు. ఆపరేషన్‌కు కూడా ఒకే జీపులో, ఉడికించిన గుడాలు డబ్బాలో పెట్టుకుని కలిసే పోయారు.

వాళ్లతో స్వరూప కూడా పోయింది. పదహారేళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. ఇంగ్లీషు చదవడం వచ్చింది ఆ జీపులో ఆమెకొక్కతికే. పట్నంలోని ఒక నర్సింగ్ హోమ్‌లో ఏడు కాగితాలు తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. ఏడుగురూ బెంచీ మీద వరుసగా కూర్చుని ఆమె మొహం చూస్తున్నారు. స్వరూప చదివింది. "గర్భసంచి తీస్తరట," అని చెప్పింది. ఆ కింద ఇంకో మాట ఉంది. పొడుగాటి మాట, ఎన్నడూ చూడనిది. అడిగితే నవ్వుతారని, తనకు రాని ఇంగ్లీషు కూడా ఉందని అక్కకు తెలుస్తుందని, ఆ మాట మింగేసి, "గంతే. సంతకం పెట్టొచ్చు," అంది. ఏడుసార్లు ఆ మాట మింగింది. ఏడుగురూ పెట్టారు.

అండాశయాలు కూడా తీసేస్తారన్నది ఆ మాట అర్థమని రెండేళ్ల తర్వాత డిగ్రీ కాలేజీ లైబ్రరీలో తెలిసింది. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నలభై నిండకుండానే మొగులమ్మ పెట్టిన వస్తువు పెట్టిన చోట మరిచిపోవడం మొదలుపెట్టింది. తర్వాత చోటు, తర్వాత వస్తువు, తర్వాత మనుషులు.

కాబట్టి నాలుగో అంశం చదివిన వారానికి స్వరూప దొంగతనం చేసింది. దానికి ఇంకో మంచి పేరు పెట్టడం ఆమెకిష్టం లేదు. పరీక్షలకు పోగా సీసాల అడుగున మిగిలే మందును పారబోసినట్టు రాసి, చిన్న గొట్టాల్లోకి పట్టి, టిఫిన్ డబ్బాలో ఐసు ముక్కల మధ్య పెట్టుకుని జహీరాబాద్ బస్సెక్కింది. ఒక మనిషికి సరిపోయే మందే అలా మిగిలేది.

మొదటి నాలుగు విడతలూ తానే వచ్చి వేసింది. ప్రతిసారీ ఇరవై నిమిషాలు అటూ ఇటూగా మొగులమ్మ తిరిగొచ్చేది. వచ్చిన మనిషి ఊరికే కూర్చునే మనిషి కాదు. మొదటిసారి ఉప్పు. రెండోసారి అటక మీద కుండలన్నీ దింపించి, ఏ కుండలో ఏ జొన్న ఉందో మూత తీయకుండా చెప్పి, పురుగు పట్టిన విత్తనాలకు అనంతయ్యను చెడామడా తిట్టింది. ఆయన తిట్లు తింటూ మొహం నిండా నవ్వుకున్నాడు.

మూడోసారి వీధి అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూసింది. ఎదురింటి ఈదమ్మ ఇంటి ముందు రేగుచెట్టు కింద నిలబడి, చేతిలో చెంబుతో, ఎటు పోవాలో తెలియక తిరుగుతోంది. ఆ జీపులో ఈదమ్మ మొగులమ్మ పక్కనే కూర్చుంది.

"ఈదమ్మక్కకు గూడ నా తీరేనా?" అని అడిగింది మొగులమ్మ.

"అవునక్కా."

"ఎప్పటి సంది?"

"నీకంటే ముందు నుంచే."

"మిగిలినోళ్లకు?"

ఎల్లవ్వకూ, శంకరమ్మకూ బాగా ఎక్కువైంది. ఇద్దరికి ఇప్పుడిప్పుడే. అంగన్‌వాడీలో పనిచేసే చంద్రమ్మకు మాత్రం ఇంకా ఏమీ కాలేదు. స్వరూప చెప్పింది. మొగులమ్మ మళ్లీ రేగుచెట్టు వైపు చూసింది. తర్వాత, "మరి ఈ మందు వాళ్లకు?" అంది.

"తర్వాత చూద్దాం అక్కా. ఇప్పుడు ఎవ్వరికీ చెప్పొద్దు. తెలిస్తే నన్ను జైల్ల పెడ్తరు."

ఆ పూటే కాగితం సంగతి చెప్పేద్దామనుకుంది స్వరూప. అక్క కళ్లు తెరుచుకుని ఉన్నాయి, మనిషి పూర్తిగా ఎదురుగా ఉంది. కాని ఇన్నేళ్ల తర్వాత దొరికిన అక్క మూడు రోజులే ఉంటుంది. ఆ మూడు రోజుల్లో ఒక్క గంటయినా తనను అసహ్యంగా చూడడం స్వరూప ఓర్చుకోలేకపోయింది. వచ్చేసారి చెబుదాంలే అనుకుంది. నాలుగోసారి కూడా అదే అనుకుంది.

ఆ తర్వాత ల్యాబ్‌లో మనుషుల మీద పరీక్ష మొదలైంది. సెలవులు లేవు. మూడు నెలలకు సరిపడా పది గొట్టాలు తెచ్చి అనంతయ్య చేతిలో పెట్టింది స్వరూప. ఫ్రిజ్‌లో పాలగిన్నె వెనక దాచమంది. తొమ్మిది రోజులకొకసారి, తొమ్మిది చుక్కలు.

"ఎక్కువ ఏయొద్దు బావా. మంచిగుందని ఒక్క చుక్క గూడ ఎక్కువ ఏయొద్దు. తొందరపడి ముందుగాల గూడ ఏయొద్దు."

"ఏయను," అన్నాడు అనంతయ్య.

"అక్క అడిగినా ఏయొద్దు. ఎక్కువైతే పానం మీదికొస్తది."

బస్సెక్కేముందు మళ్లీ చెప్పింది. ఫోన్లో చెప్పింది. ఆశపడి ఎక్కువ వేసుకుంటారన్న భయం తప్ప ఆమెకు వేరే భయం తోచలేదు. పట్నంలో, ల్యాబ్‌లో, మందు దొరికితే రెండింతలు వేసుకునే మనుషుల మధ్య పన్నెండేళ్లు బతికింది మరి. ఎర్రగుంటపల్లిలో ఎవరూ ఏదీ తన వంతు కంటే ఎక్కువ తీసుకోరన్న సంగతి, అక్కడ పెరిగిన పిల్ల, మరిచిపోయింది.

ప్రతి ఆదివారం ఫోన్ చేసేది. "మంచిగనే ఉంది," అనేవాడు అనంతయ్య. మొగులమ్మ ఫోన్ తీసుకుని, "అన్నం తిన్నవా?" అని అడిగేది. కాసేపాగి మళ్లీ, "అన్నం తిన్నవా?" అనేది. అక్కలంటే అంతే కదా అనుకుని స్వరూప రెండుసార్లూ తిన్నానని చెప్పేది.

మూడో నెలలో ఒక పొద్దున కృపాదానం ఆమెను ఎలుకల గదికి పిలిపించాడు. జేబులో చిక్కీ లేదు.

నీళ్ల తొట్టెలో ఒక ఎలుక ఈదుతోంది. తొట్టెలో ఒక మూల, నీటి మట్టానికి కాస్త దిగువన, నిలబడడానికి చిన్న దిమ్మె ఉంటుంది. ఈ ఎలుకకు ఆ దిమ్మె ఎక్కడుందో వారాలుగా తెలుసు. ఇవాళ తెలియదు. గుండ్రంగా, గుండ్రంగా, తొట్టె అంచు వెంబడి తిరుగుతూనే ఉంది. స్వరూప చెయ్యి పెట్టి దాన్ని పైకి తీసింది. దాని గుండె ఆమె అరచేతిలో దడదడలాడింది.

"తక్కువ మోతాదు గుంపమ్మా ఇది," అన్నాడు కృపాదానం. "కాస్త కాస్తగా ఇస్తే సురక్షితం కదా అని చూశాం. గట్టిగా తడితే కణం రిసెప్టర్‌ని లోపలికి లాక్కుని, కొత్తది చెయ్యమని లోపలికి కబురు పంపుతుంది. చిన్నగా తడితే లాక్కోవడం వరకే. కబురు పోదు. అట్టా పది విడతలు తట్టేసరికి గుమ్మంలో ఒక్కటీ మిగల్లా. మెదడు తనంతట తాను చేసుకునే చిటికెడు ఈస్ట్రోజెన్ కూడా తట్టేది ఆ గుమ్మాన్నే కదా. అదీ పోయింది. మందు లేకముందు ఉన్నపాటి తెలివి కూడా పోయిందమ్మా వీటికి."

"మళ్లీ రావా?"

"ఆ కణాలు ఇంక చెయ్యట్లేదు. ఎందుకో నాకు తెలియదు." ఆయన తొట్టె వైపు చూశాడు. "మన పరీక్షలో ఎవరికీ ఒక్క చుక్క తగ్గకుండా చూసుకో. ఎక్కువైతే తలనొప్పితో పోయింది. తగ్గకూడదు."

స్వరూప మనసు నిండా ఒకే మాట మెదిలింది. అక్కకు తొమ్మిది చుక్కలు పడుతున్నాయి. పూర్తి తొమ్మిది. ఎలుక మీద జాలితో పాటు చెప్పుకోవడానికి సిగ్గేసేంత నిశ్చింత కూడా కలిగింది. మర్నాడే సెలవు పెట్టింది. అక్కకు పదో విడత పడే రోజది. ఈసారి కాగితం సంగతి చెప్పి తీరాలని బస్సులో రెండు గంటలూ మాటలు కూడబెట్టుకుంది. బజారులో ఆగి, పోయిన బుట్టకమ్మల్లాంటివే కొనుక్కుని పెట్టుకుంది.

ఇల్లు చేరేసరికి పదకొండయింది. వాకిట్లో రేకుల షెడ్డు నీడలో, బర్రెను కట్టేసే గుంజ పక్కన, ఆరుగురు ఆడవాళ్లు వరుసగా గోనెపట్టా మీద కూర్చుని ఉన్నారు. తలలు వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని. మొగులమ్మ గొట్టం పట్టుకుని వాళ్ల ముందు నుంచి ఒక్కో అడుగూ జరుగుతోంది. ఒక్కొక్కరి ముక్కులో ఒక్క చుక్క. ఈదమ్మ దగ్గర ఆగి మూడు వేసింది. చివరికి గొట్టాన్ని తన ముక్కులో వంచి, మిగిలిన ఒక్క చుక్కా పడే దాకా ఓపిగ్గా నిలబడింది.

స్వరూప సంచి కింద పెట్టి, పక్కన కూర్చుని ఉన్న అనంతయ్య దగ్గరికి పోయింది.

"ఎన్ని రోజుల సంది, బావా?"

అనంతయ్య లేచి నిలబడ్డాడు. దొరికిపోయినవాడిలా లేడు. మంచి పని చేస్తూ చేస్తూ ఎవరో ఆపితే తెల్లబోయినవాడిలా ఉన్నాడు.

"మొదటి గొట్టం సంది. నువ్వు ఇచ్చిపోయినంక మీ అక్క నన్ను కూసోబెట్టి ఒట్టేయించుకుంది. ఒక జీపుల పోయినం, నేనొక్కదాన్నే ఎట్ల తిరిగొస్త అన్నది. నేను మరిచిపోయినా నువ్వు మరువకు, గొట్టం నా చేతిల పెట్టి వాళ్లను పిలువు అన్నది. రెండేండ్లకు నోరు తెరిచి ఒక్కటడిగింది స్వరూపా. కాదంటనా?"

"నాకెందుకు చెప్పలే?"

"ఎక్కువ ఏయొద్దన్నవ్. ఎక్కువ ఏయలే. ఒక్కనాడు గూడ ఎక్కువ ఏయలే." ఆయన కళ్లలో భయం అప్పుడే మొదలైంది. "ఈదమ్మ మొన్నొకనాడు మనుమరాలిని పేరు పెట్టి పిలిచింది. పనిచేస్తుందనుకున్నం."

చంద్రమ్మ కూడా ఆ వరుసలో ఉంది. ఏమీ కాని చంద్రమ్మ. అందరూ వేసుకుంటుంటే తానొక్కతే ఎందుకు మానాలని వచ్చి కూర్చుంది. ఆమె కళ్లు తెరిచి స్వరూపను చూసి నవ్వింది. ఆ నవ్వు వెనక స్వరూప పేరు లేదు.

మొగులమ్మ దగ్గరికి పోయి స్వరూప ఆమె రెండు భుజాలూ పట్టుకుంది. "అక్కా, నన్ను చూడు. తొమ్మిదీ నువ్వే ఏసుకోవాలె గద. నీకోసం తెచ్చిన గద."

మొగులమ్మ ఆమె చెవుల కమ్మలు చూసింది. ఒక్క క్షణం ఏదో అందబోయినట్టుంది. తర్వాత ఖాళీ గొట్టం చూపించి, తప్పు చేసిన పిల్లలా చిన్నగా, "అందరికీ వచ్చింది. ఎవ్వరికీ తక్కువ కాలే," అంది.

స్వరూప ఏడుగురి ముక్కుల్లోంచీ దూదిపుల్లలతో వాసన నరాల కణాలు తీసుకుని అదే సాయంత్రానికి ల్యాబ్ చేరింది. కృపాదానం ముందు కూర్చుని ఉన్నదంతా చెప్పేసింది. మందు దొంగతనం, గొట్టాలు, ఏడు కాగితాలు, మింగిన మాట. చెప్పడం అయ్యాక ఆయన లేచి, తానే ఆ కణాలకు రంగు పూశాడు.

రంగు పట్టడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు పొద్దున ఇద్దరూ తెర ముందు కూర్చున్నారు. పోల్చి చూడడానికి ముందు ఆరోగ్యమైన మనిషి కణం. అంచు పొడవునా ఆకుపచ్చ మెరుపులు. తర్వాత ఈదమ్మది. కణం నడిమధ్యలో మసకగా ఒక పచ్చటి ముద్ద. అంచు చీకటి. ఎల్లవ్వ, శంకరమ్మ, చంద్రమ్మ. చీకటి. మొగులమ్మది చివరన పెట్టాడు ఆయన. స్వరూప తెర దగ్గరికి మొహం ఆనించి, ఒక్కటంటే ఒక్క చుక్క పచ్చదనం కోసం అంచు చుట్టూ రెండుసార్లు వెతికింది.

"తొమ్మిది రోజులు ఆగి, పూర్తి మోతాదు ఇచ్చి చూద్దాం సార్. ఒక్కసారి."

ఆ ప్రయత్నం ఫలించదని ఆయనకు తెలుసు. అయినా కాదనలేదు. గడువు నిండగానే ఏడు పూర్తి గొట్టాలు తీసి, తన పేరుతో సంతకం పెట్టి, కారు తానే నడుపుకుంటూ ఆమెతో వచ్చాడు. అదే రేకుల షెడ్డు, అదే గోనెపట్టా. ఏడుగురికీ తొమ్మిదేసి చుక్కలు వేశారు. ఇరవై రెండు నిమిషాలైంది. గంటయింది. అనంతయ్య లోపలికి పోయి, వండిన పప్పు గిన్నెతో సహా తెచ్చి భార్య ముందు పెట్టాడు. అందులో ఉప్పు అసలే వెయ్యలేదు ఆయన. మొగులమ్మ తిన్నది. బాగుందో బాగోలేదో చెప్పలేదు. గిన్నె ఖాళీ అయ్యాక చెయ్యి కడుక్కోవాలన్నది కూడా తోచక, ఆ చెయ్యి అలాగే గాలిలో పెట్టుకుని కూర్చుంది.

తిరిగి పోయేటప్పుడు కృపాదానం కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "నేను పైవాళ్లకు రాయాలమ్మా. రాయకపోతే రేపు ఇంకో ఊళ్లో ఇంకొకరు పంచుకుంటారు."

"రాయండి సార్."

"నీ పేరు కూడా."

"నా పేరే ముందు రాయండి."

రాశాడు. పరీక్ష ఆగిపోయింది. దానితో బాగుపడగలిగిన వాళ్లకు కూడా ఆ మందు అందకుండా పోయింది. స్వరూప మీద కేసు నడిచింది. డిగ్రీలు పోలేదు గాని వాటితో చేసే పని పోయింది. కృపాదానం గడువు కంటే ముందే రిటైరై తెనాలి వెళ్లిపోయాడు. ఒక్క ఉత్తరం రాశాడు. అందులో మందు మాట లేదు, మీ అక్క ఎలా ఉందన్న మాట కూడా లేదు. అడగడానికి ఆయనకు ధైర్యం చాలలేదని స్వరూపకు అర్థమైంది.

ఇప్పుడు స్వరూప ఎర్రగుంటపల్లిలోనే ఉంటుంది. బర్రె పాలు పిండుతుంది, జొన్నరొట్టె చేస్తుంది, ఏడిళ్లూ తిరిగి ఎవరు తిన్నారో ఎవరు తినలేదో చూస్తుంది. బడి దారిలో నిలబడిపోయిన చంద్రమ్మను చెయ్యి పట్టుకుని ఇంటికి తెస్తుంది. ఎంత చేసినా తరగని పని. తరిగితే ఏం చెయ్యాలో ఆమెకు తెలియదు.

మొగులమ్మ అన్నీ మరిచిపోయింది. మొగుడి పేరు, తన పేరు, కుండల్లోని జొన్నల పేర్లు. ఒక్కటి మాత్రం పోలేదు. ఎలా మిగిలిందో, మెదడులో ఏ మూల దాక్కుందో స్వరూప చదివిన చదువులో ఎక్కడా లేదు. తెల్లారగానే మొగులమ్మ ఒక ఖాళీ గొట్టంలో బిందెలోని నీళ్లు పట్టుకుని రేకుల షెడ్డు కిందికి పోతుంది. ఆ ఆరుగురూ కూడా ఎవరూ పిలవకుండానే, ఒక్కరూ దారి తప్పకుండా వచ్చి గోనెపట్టా మీద వరుసగా కూర్చుని తలలు వెనక్కి వాలుస్తారు. అనంతయ్య మొదట్లో ఆపబోయాడు. ఇప్పుడు పట్టా తానే పరుస్తాడు.

ఒకరోజు స్వరూప పేడ ఎత్తుతూ గుంజ పక్కన నిలబడి చూస్తోంది. మొగులమ్మ ఆమెను చూసి ఆగింది.

"ఎవలింటి పిల్లవే? నిలబడ్డవేంది, కూసో. నీకు గూడ ఏస్తా."

స్వరూప చేతులు కడుక్కుని వచ్చి వరుస చివర, చంద్రమ్మ పక్కన కూర్చుంది.

"ఒక మాట చెప్పాలె నీకు," అంది.

"చెప్పు."

స్వరూప చెప్పింది. జీపు సంగతి, బెంచీ మీద ఏడుగురి సంగతి, కాగితం మీద తనకు రాని మాట కనబడితే మింగేసిన పిల్ల సంగతి. మొగులమ్మ గొట్టం పట్టుకుని, వేరే ఊరి ముచ్చట విన్నట్టు శ్రద్ధగా విన్నది.

"ఆ పిల్లకెన్నేండ్లు?"

"పదహారు."

"గంతేనా," అంది మొగులమ్మ. "పసిపిల్ల చేతుల గంత పెద్ద కాయితం ఎట్ల పెట్టిండ్రే. తప్పు నీది కాదని దానికి ఎవలన్న చెప్పిండ్రా?"

"ఎవ్వరూ చెప్పలే."

"చెప్పున్రి. పాపం, అది అదే మనసుల పెట్టుకొని ఉంటది."

అక్క ఆ మాట ఎవరి గురించి అంటున్నదో అక్కకు తెలియదు. తెలిసి అనగలిగిన రోజులు నాలుగు విడతలుగా పన్నెండు వచ్చాయి, ఆ పన్నెండూ స్వరూప చేతులారా జారవిడిచింది. ఇప్పుడు ఈ మన్నింపును ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. ఎవరిదో ఒక పిల్ల కోసం ఇచ్చిన దాన్ని తనదనుకోవడానికి ధైర్యం రాలేదు.

"తల ఎనకకు అను," అంది మొగులమ్మ.

స్వరూప తల వాల్చి కళ్లు మూసుకుంది. ఒక చుక్క పడింది. మొగులమ్మ ఆమె మొహంలోకి వంగి చూసి, నీకు బాగా తక్కువైనట్టుందే అని, ఇంకో రెండు వేసింది. నీళ్లు చల్లగా ముక్కులోంచి గొంతులోకి దిగాయి. మొగులమ్మ చీర కొంగుతో ఆమె ముక్కు తుడిచి, లేచి, గొట్టంలో మిగిలిన నీళ్లు వెలుతురుకు పెట్టి చూసుకుని, ఇంకా ఎవరికీ వెయ్యలేదనుకుని, వరుస మొదట్లో ఉన్న ఈదమ్మ దగ్గరికి పోయి తల ఎనకకు అనమంది.